వెనక ప్లగ్గు విప్పి చూడు, బిడ్డా

బిడ్డా,

చేవెళ్ళ పొలానికి పాత మాస్సీ 1035 కొంటున్నావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లకు ట్రాక్టర్ ఎందుకని ఆయన గొణుగుడు. నాకైతే మీసం మెలేయాలనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మరుస్తావు. అందుకే రాస్తున్నా. బండి చూడబోయే రోజు ఈ కాగితం దగ్గర పెట్టుకో.

మోడల్ మంచిదే. సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజను, చేయి తిరిగిన మెకానిక్‌కు కొత్త కాదు. చవకగా వస్తోందని హెచ్‌ఎంటీ వైపు చూస్తున్నావట. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. ఒక్క గేరు పన్ను కోసం ఊళ్ళు తిరిగే ఓపిక ఉంటేనే అటు పో.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. ఆర్సీలో ఉన్న చాసిస్, ఇంజను నంబర్లు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. ఏపీ 28 నంబరంటే ఉమ్మడి రాష్ట్రం నాటి రంగారెడ్డి బండి. పదిహేనేళ్ళు దాటితే ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో చూడు. బ్యాంకు అప్పు ఉంటే, అది తీరిందని చెప్పే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వకు. బండి నీ పేరుకు మారే 29, 30 ఫారాల మీద సంతకాలు ఆ రోజే పెట్టించు. ట్రాలీకి విడిగా ఆర్సీ ఉంటుంది, అదీ అడుగు.

పొద్దున్నే వెళ్ళు. వెళ్ళగానే ఇంజను మీద చేయి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వొచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. కంప్రెషన్ తగ్గిన డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది, వేడెక్కాక బుద్ధిమంతుడిలా నడుస్తుంది. చల్లారేదాకా కూర్చో, లేదా మర్నాడు మళ్ళీ పో. స్టార్ట్ కాగానే తెల్లపొగ వచ్చి రెండు నిమిషాల్లో పోతే ఫరవాలేదు. నీలిపొగ ఆగకపోతే ఆయిల్ తాగుతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసా ఎగదన్నుతోందా, రింగులు, లైనర్లు అరిగినట్టే. రేడియేటర్ మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్ళ మీద నూనె తెట్టు కనిపించినా, స్టార్ట్ చేశాక ఆగకుండా బుడగలు వచ్చినా హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడు.

ఇంజను దాకా అందరూ చూస్తారు. నేనూ చూశాను. మొదటి బండి కొన్ననాడు ఇంజను చప్పుడుకు మురిసిపోయి, వెనక్కి ఒంగి చూడకుండా అడ్వాన్సు చేతిలో పెట్టాను. మొదటి దమ్ములోనే, అంటే వరి మడి బురద దున్నుతుండగానే, వెనక నాగలిని ఎత్తే లిఫ్టు పడిపోయింది.

దాని మతలబు విను. ఈ బండిలో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్టు అన్నీ ఒకే నూనెలో మునిగి ఉంటాయి, సుమారు ముప్పై లీటర్లు. హైడ్రాలిక్ పంపు కూడా బయట ఎక్కడో లేదు, ఆ నూనె మధ్యలోనే తిరుగుతుంది. వరి మడిలో దమ్ముచక్రాలు కట్టి దున్నినప్పుడు బురదనీళ్ళు యాక్సిల్ దాకా వస్తాయి. సీళ్ళు అరిగి ఉంటే అక్కడి నుంచి, గేరు రాడ్డు రబ్బరు చిరిగి ఉంటే పైనుంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. నూనె ఇరానీ చాయ్ రంగుకు తిరుగుతుంది. సన్నటి మట్టి పంపు పిస్టన్లనూ వాల్వునూ గీకేస్తుంది. సీజన్ అయ్యాక బండి నెలల తరబడి షెడ్డులో నిలబడితే, అడుగున చేరిన నీళ్ళు బేరింగులకు తుప్పు పట్టిస్తాయి. ఇదంతా ఇంజను చప్పుడులో వినపడదు.

డిప్‌స్టిక్ చూసి సరిపెట్టుకోకు. అమ్మేవాడు ముందురోజే నూనె మార్చి ఉండొచ్చు. తళతళలాడే కొత్త నూనె కనిపిస్తే ఇంకాస్త అనుమానించు. ఏం చేయాలంటే, రాత్రంతా కదలని బండి కింద ఖాళీ గాజు సీసా పట్టుకొని, ఆ నూనె కిందికి వదిలే వెనక డ్రెయిన్ ప్లగ్గు రెండు చుట్లు మాత్రం వదులు చెయ్యి. పూర్తిగా తీస్తే ముప్పై లీటర్లూ నీ మీదే. నీళ్ళు నూనె కంటే బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. బండి నడిపాక చేస్తే అంతా కలిసిపోయి ఏమీ తేలదు, అందుకే పొద్దున్నే అన్నాను. సీసా నిండాక ప్లగ్గు బిగించి, కారిన చుక్కలు వేళ్ళ మధ్య రాసి చూడు. మెత్తటి బూడిదరంగు పేస్టయితే మామూలు అరుగుదల. ఇనుప పెచ్చులు, గేరు పన్ను ముక్కలు తగిలితే సీసా అక్కడే పెట్టి వచ్చేయ్. "ప్లగ్గు విప్పనియ్యను" అన్నవాడి దగ్గర్నుంచి కూడా.

తర్వాత కల్టివేటర్ తగిలించి లిఫ్టు ఎత్తించు. ఇంజను నడుస్తుండగా కల్టివేటర్ కొంచెం దిగడం, మళ్ళీ ఎగరడం, వెక్కిళ్ళొచ్చినట్టు చేస్తుంటే లోపల నూనె జారిపోతోంది. కింది లింకుల బంతులు, ట్రాలీ తగిలించే డ్రాబార్ రంధ్రాలు కూడా చూడు. బండి ఎన్ని గంటలు నడిచిందో చెప్పే అవర్ మీటర్ ఆగిపోయి ఉంటుంది, నడుస్తున్నా నమ్మకు. డ్రాబార్ గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా సాగిందంటే ఆ బండి ఇసుక, ఇటుకలు లాగి లాగి అలిసిపోయిందని అర్థం. అలాంటి బండిలో ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట వెల్డింగ్ మచ్చలున్నాయేమో టార్చి వేసి వెతుకు. కొత్త రంగు బోల్టుల మీద కూడా పడి ఉంటే, కింద ఏం దాచారో గోరుతో గీకి చూడు.

ముందు యాక్సిల్‌కు జాకీ పెట్టి చక్రాన్ని ఊపు, చక్రం పక్కలకు తిరిగే కింగ్‌పిన్ అరిగిందో లేదో తెలిసిపోతుంది. వెనక టైర్లు 12.4-28, జత మార్చాలంటే జేబుకు చిల్లే. పక్కన నాలుగంకెలు చదువు: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

ఇక నా భయం. పాత బండికి సెల్ఫ్ స్విచ్ పాడైతే బాగుచేయరు. పెద్ద చక్రం ముందు నేల మీద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ టెర్మినళ్ళు కలుపుతారు. గేరులో ఉంటే బండి ముందుకు దూకుతుంది, చక్రం ముందు ఉండేది మనిషే. నీకు అలా చేసి చూపిస్తే వెంటనే పక్కకు జరుగు. వాడు నవ్వినా సరే. కొంటే మొదటి ఖర్చు స్విచ్ మీద, క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే సేఫ్టీ మీద పెట్టు. ఆ తర్వాతే రంగు.

పీటీఓ, అంటే పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు, మీద కవచం లేకపోతే వేయించు. 540 ఆర్‌పీఎం అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. చున్నీ కొస తగిలితే చెయ్యి తీసుకునే టైమ్ ఉండదు. పొలంలో చున్నీ వద్దు తల్లీ, మీ పెద్దమ్మ ఎన్ని అన్నా నేను చూసుకుంటా.

ఆదివారమైతే నేనూ వస్తా. జాకీ, పానాల సెట్టు నా దగ్గరున్నాయి, సీసా నువ్వు తెచ్చుకో. ఉదయం అయిదున్నరకు మెహిదీపట్నం బస్టాండు దగ్గర నిలబడి ఉంటా. ముందే ఫోన్ చేసి, మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని వాళ్ళకు చెప్పు.

నీ పెద్దబాపు