పాపని క్రీమ్ ట్రయల్‌లో చేర్చే ముందు

చిట్టితల్లీ,

పాప ఎగ్జిమాకి కొత్త క్రీమ్ ట్రయల్‌లో చేర్చమని డాక్టరుగారు అడిగారనీ, మీ అత్తగారు "పసిదాని మీద ప్రయోగాలా!" అని మండిపడ్డారనీ రాశావు. ఆవిడ భయంలో తప్పేం లేదు. కానీ చర్మవ్యాధుల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా చేసినదాన్ని, పసిపిల్లల్లో అసలు పరీక్షించని మందు వాళ్లకి రాయడమంటేనే నాకు ఎక్కువ భయం. బరువుతో చూస్తే పిల్లలకి చర్మం ఎక్కువ, రాసిన మందు ఒంట్లోకి ఎక్కువ దిగుతుంది. ఎగ్జిమాకి వాడే క్రిసాబొరోల్ అనే ఆయింట్‌మెంట్‌కి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది రెండేళ్లు నిండినవాళ్లకే. మూడు నెలల పాపాయిలకి కూడా వాడొచ్చన్నది 2020లో, ఆ వయసు పిల్లల్లో విడిగా చూశాకే.

సంతకం మాత్రం ఆ రోజే పెట్టకు. తెలుగులో ఉన్న కాగితం అడిగి ఇంటికి తెచ్చుకో. కొందరు పిల్లలకి మందు కలపని ఉత్త క్రీమ్ ఇస్తారా? ఇస్తే, రాత్రి పాప దురదతో గీరుకుని ఏడుస్తుంటే ఏం రాయనిస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి? అన్నిటికన్నా ఇదే ముఖ్యం. దీనికి వాళ్లు నీళ్లు నమిలితే చేర్చొద్దు. రక్తం ఎన్నిసార్లు తీస్తారో, సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో ట్రయల్స్‌ని నమోదు చేసే జాబితాలో, నంబరేమిటో కూడా కనుక్కో. ట్రయల్ వల్ల పాపకేమైనా అయితే వైద్యం ఉచితంగా చేయించాలని మన దేశంలో ట్రయల్స్‌కి పెట్టిన 2019 నిబంధనల్లో ఉంది. ఎప్పుడు మానేయాలనిపిస్తే అప్పుడు మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు.

చేర్చాక నిజాయితీగా ఉండాలమ్మా. చాలా ట్రయల్స్‌లో ట్యూబు ఇచ్చేటప్పుడూ, వెనక్కి తీసుకునేటప్పుడూ ఎంత వాడారో చూడ్డానికి తూకం వేస్తారు. మర్చిపోయిన పూటల లెక్క సరిపోవాలని క్రీమ్‌ని సింకులోకి పిండేసిన తల్లుల్ని చూశాను, పాపం, ఎవరైనా తిడతారేమోనని. నువ్వు అలా చేయకు. "ఈ పూట రాయలేదు" అని డైరీలో రాసెయ్యి, ఎవరూ ఏమీ అనరు. అత్తగారు ప్రేమకొద్దీ కొబ్బరినూనె పూసినా అదీ డైరీలో రాయి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల జోలికి అసలు పోవద్దు. వాటిలో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దాంతో ఎరుపు తగ్గితే మంచిపేరు కొత్త క్రీమ్‌కి పోతుంది, రేపు ఆ పని చేయని మందే ఇంకో పిల్లకి రాస్తారు.

ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా తర్వాతి విజిట్ దాకా ఆగకు, అప్పటికప్పుడే ఫోన్ చెయ్యి. ఫోటోలు రోజూ కిటికీ దగ్గర అదే వెలుతురులో తియ్యి.

కాగితం చేతికి రాగానే నాకు పంపు. ఫోన్‌లో ఇద్దరం కలిసి చదువుదాం.

మీ పిన్ని