లిథియం పెన్సిల్ సెల్లుకి అంత డబ్బు పెట్టాలా?

బీపీ మిషన్, గోడగడియారం, డోర్ లాక్, టార్చి అన్నిటికీ లిథియం సెల్లులే వేసేస్తే గొడవ వదులుతుంది కదా అని అడిగారు. అన్నిటికీ వద్దండి.

ముందు సెల్లు మీద వోల్టులు చదవండి. మీరు అడుగుతున్నది 1.5 వోల్టుల వాడి పారేసే రకం. అచ్చం అదే సైజులో 3.7 వోల్టుల 14500 సెల్లు కూడా దొరుకుతుంది. అది వేస్తే మిషన్ కాలిపోవచ్చు.

లిథియం సెల్లు మైనస్ 40 డిగ్రీల చలిలోనూ పనిచేస్తుందని గొప్పగా చెబుతారు. విజయవాడలో మనకి ఆ చలితో పనేముంది? మనకి పనికొచ్చేవి వేరే రెండు గుణాలు: కారడం చాలా అరుదు, వాడకుండా ఉంచినా ఇరవై ఏళ్ల దాకా నిలవుంటుంది. అందుకే ఆపద కోసం దాచుకునే ఎల్ఈడీ టార్చికి లిథియమే వేయమంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు వెలగాల్సింది ఆ టార్చే. ఆల్కలైన్ సెల్లు (చవక జింక్ సెల్లుకీ లిథియానికీ మధ్య రకం) అందులోనే మూడు నాలుగేళ్లు పడుంటే, మన ఎండలకి కారి స్ప్రింగు తినేస్తుంది.

బీపీ మిషన్ సంగతి వేరు. పంపు మోటారు తిరిగేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. చవక జింక్ సెల్లులు ఆ లోడుకి వోల్టేజీ పడిపోయి, కఫ్ సగం నిండగానే మిషన్ ఎర్రర్ చూపిస్తుంది. అవే సెల్లులు తీసి గడియారానికి పెడితే నెలల తరబడి నడుస్తాయి! రోజూ బీపీ చూసుకునే ఇంట్లో 2000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత కరెంటు నిలవుంటుందో చెప్పే అంకె) నికెల్ రీచార్జబుల్ సెల్లులు లాభం. వాటికి 1.2 వోల్టులే ఉన్నా లోడు పడ్డప్పుడు నిలబడతాయి. మాన్యువల్‌లో వద్దని ఉంటే మాత్రం ఆల్కలైన్ వేయండి.

డోర్ లాక్‌కి లిథియం వేయకండి, మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప. ఆల్కలైన్ వోల్టేజీ మెల్లగా దిగుతుంది కాబట్టి లాక్ ముందే హెచ్చరిస్తుంది. లిథియం చివరిదాకా ఒకే తీరున ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, మీరు తలుపు బయట ఉండిపోతారు. మల్టీమీటరుతో చూసినా ఇదే ఇబ్బంది: ఆల్కలైన్ 1.3 చూపిస్తే బాగా వాడేసిందని తెలుస్తుంది, లిథియం విషయంలో మీటరు అంకె ఎంత మిగిలిందో సరిగ్గా చెప్పదు.

గడియారానికి జింక్ చాలు, కాకపోతే ఏటా ఎండలు ముదరకముందే మార్చేయండి.

ఆల్కలైన్ కారి తెల్లపొడి కట్టిందా? అది క్షారం, చేత్తో ముట్టుకోవద్దు. గ్లవుజు వేసుకుని, ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లోగానీ నిమ్మరసంలోగానీ ముంచి తుడవండి. తర్వాత స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కొత్త సెల్లులు వేసేటప్పుడు పాతదాన్ని ఒక్కటి కూడా కలపకండి. ముందుగా అయిపోయిన సెల్లు మీద మిగతావి కరెంటు తోస్తాయి, దాని ప్లస్ మైనస్‌లు తిరగబడి మళ్లీ కారొచ్చు.