న్యూట్ తిండి మానేస్తే ముందు నీళ్లు చల్లబరచండి

ప్రశ్న: డాక్టరుగారూ, మాది తెనాలి. ప్రస్తుతం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మా మనవడు న్యూట్ అనే చిన్న నీటి జీవిని పెంచుతున్నాడు. బల్లి ఆకారం, నల్లటి ఒళ్లు, ఎర్రటి పొట్ట. మొన్నటిదాకా హుషారుగానే ఉండేది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఏదీ ముట్టడం లేదు. గుళికల మేత వేస్తే అడుక్కి చేరి కుళ్లిపోతోంది. చికెన్ సన్నగా తరిగి పెట్టినా చూడలేదు. ఎప్పుడూ నీళ్లలో ఉండేది ఇప్పుడు రాయి ఎక్కి కూర్చుంటోంది. నాకు చలి పడదని ఇంట్లో ఏసీ 78లో పెట్టారు. పిల్లాడు రాగానే ‘అమ్మమ్మా, తిన్నదా?’ అని అడుగుతాడు. నాకు టెన్షన్‌గా ఉంది. నోరు తెరిచి తినిపించవచ్చా?

– ఒక అమ్మమ్మ

జవాబు: వద్దమ్మా. నోరు తెరిచే ప్రయత్నం అస్సలు చేయకండి. దాని దవడ చాలా సున్నితం, చర్మం ఇంకా సున్నితం.

మీరు రాసిన గుర్తులను బట్టి అది చైనీస్ ఫైర్ బెల్లీడ్ న్యూట్ అయివుంటుంది. చైనాలో చల్లటి మడుగుల్లో బతికే జాతి. దానికి హాయిగా ఉండేది 65 నుంచి 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 18 నుంచి 20 సెల్సియస్. 75 దాటితే దానికి కష్టకాలమే. గది 78లో ఉంటే, లైటు వేడి, ఫిల్టర్ మోటారు వేడి కలిసి ట్యాంకులో 80 ఉన్నా ఆశ్చర్యం లేదు. కప్పల్లాగే వీటికీ సొంత ఒంటివేడి ఉండదు, నీళ్లు ఎంత వేడైతే అవీ అంతే. వేడెక్కితే ఆకలి చస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, నీళ్లలో బ్యాక్టీరియా మాత్రం జోరందుకుంటుంది. అందుకే తిండి సంగతి కాసేపు పక్కన పెట్టండి.

మీ కోసం ఏసీ అలాగే ఉండనివ్వండి. న్యూట్‌కి వేరే ఏర్పాటు చేద్దాం. మూతకు చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. మూత తప్పనిసరి, ఇవి గోడలు పాకి బయటపడతాయి. అందులో రెండంగుళాల నీళ్లు, ఒక పక్క తడిపిన పేపర్ టవల్, దాక్కోవడానికి ఒక చిన్న చాటు. న్యూట్‌ని అందులోకి మార్చి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి. ఈలోగా నీళ్లు గడ్డకట్టించిన చిన్న సీసాను ట్యాంకులో తేలేలా వేయండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. వేడి ఒక్కసారిగా పడిపోకూడదు, గంటల తరబడి మెల్లగా దిగాలి. థర్మామీటర్ దగ్గరుంచుకోండి.

ఇక రాయి ఎక్కడం. నీళ్లలో బతికే న్యూట్ నీళ్లు వదిలేసిందంటే ఆ నీళ్లు దానికి నచ్చలేదని. కుళ్లిన మేత వల్ల అమ్మోనియా పెరిగి ఉండవచ్చు. అక్వేరియం షాపులో దొరికే కిట్‌తో చూడండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. మన ఊళ్లలో కుళాయి నీళ్లు రాత్రంతా బకెట్లో ఉంచి చేపలకు వాడతాం. మీరుండే డాలస్ చుట్టుపక్కల అది చాలదు. అక్కడి నీళ్లలో క్రిములు చావడానికి కలిపేది క్లోరమైన్, రాత్రంతా ఉంచినా పోదు. దాన్ని విరిచే డీక్లోరినేటర్ చుక్కలు వేసి, డబ్బాలో నీళ్లు రోజూ మార్చండి. ఉప్పు వేయమని, చేపల మందు వేయమని ఎవరైనా చెబితే వినకండి. దాని చర్మం అన్నిటినీ పీల్చేసుకుంటుంది.

చల్లబడ్డాక రెండు మూడు రోజులు ఆగి వానపాము ముక్క పెట్టి చూడండి. గాలం వేసేవాళ్ల కోసం అమ్మే పెద్ద వానపాములు మంచివి. కంపోస్టులో పెంచే చిన్న ఎర్రవి వద్దు, అవి చేదు స్రావం వదులుతాయి. మొద్దు కొసల పట్టకారుతో పట్టుకుని ముక్కు ముందు మెల్లగా కదిలించండి. న్యూట్ వెంటనే ఎగబడదు. ముందు తల వంచి చూస్తుంది, ఒక్క అడుగు వేసి ఆగుతుంది, మళ్లీ చూస్తుంది. అప్పుడు టక్కున పట్టేసి, తల విదిలిస్తూ మింగుతుంది. తొందరపడకుండా ఓపిక పడితే చాలు. పావుగంటలో తినకపోతే తీసేయండి. చికెన్ ఇక మానేయండి, దానికి పడదు.

కండపట్టి ఉన్న పెద్ద న్యూట్ రెండు మూడు వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. తోక మొదలు సన్నబడినా, నడుము దగ్గర ఎముకలు తేలినా ఆలస్యం చేయకండి. పొట్ట ఉబ్బడం, మునగలేక తేలుతూ ఉండడం, పుండ్లు, తెల్లటి బూజు, కాళ్ల కింద కొత్తగా ఎర్రటి మచ్చలు కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలు, పిల్లుల డాక్టరు కాదు, ‘ఎగ్జాటిక్స్’, అంటే ఇలాంటి అరుదైన పెంపుడు జీవులను చూసేవారు కావాలి. సరీసృపాలు, ఉభయచరాల వైద్యుల సంఘం ‘ఏఆర్ఏవీ’ వెబ్‌సైట్‌లో డాక్టర్ల జాబితా ఉంటుంది.

న్యూట్ పాత నీళ్లు బయట కాలువలో పోయకండి, వాటితో రోగాలు బయటికి పాకవచ్చు. సాలమండర్లను (న్యూట్లు వీటిలో ఒక రకం) చంపే ఒక ఫంగస్ ఐరోపాలో వ్యాపించినందుకే అమెరికా 2016లో 201 రకాల సాలమండర్ల దిగుమతిని ఆపేసింది, మీ న్యూట్ జాతి కూడా ఆ జాబితాలో ఉంది. దాని చర్మంలో విషం ఉంటుంది, ముట్టుకున్నాక మీరూ మనవడూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ట్యాంకు నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టుకెళ్లండి. రోజూ నీళ్ల ఉష్ణోగ్రత ఎంత ఉందో మీ మనవడి చేత ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితం కూడా డాక్టరుకి చూపించండి.