ఆఖరి కోర్టు చూసి రా

అమ్మా సుజాతా,

నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నాకు సరిగ్గా మాట రాలేదు, అందుకే రాస్తున్నా. పదకొండేళ్ల మీ చిన్ని షటిల్ ప్రాక్టీసుకి వెళ్లనని మంచం కింద దూరిందంటే దాన్ని బద్ధకం అనుకోకు. బద్ధకమైతే ఇంకాసేపు పడుకుంటుంది గానీ దాక్కోదు.

ముప్పయ్యేళ్లు షటిల్ నేర్పినవాణ్ణి, నా తప్పొకటి చెప్తా విను. అండర్-13 ఆడే పిల్లాడొకడు నా దగ్గర ఉండేవాడు. నెట్ దగ్గర వాడి మణికట్టు భలే తిరిగేది. ఒకసారి మూడో గేములో 18-14 మీదున్నవాడు ఓడిపోయాడు. అందరి ముందూ కోర్టు చుట్టూ కప్పగంతులు వేయించాను. వాళ్ల నాన్న పక్కనే నిలబడి "ఇంకో రెండు రౌండ్లు వేయించండి సార్" అన్నాడు. నాకది మెచ్చుకోలులా వినబడింది, చూడు నా బుద్ధి! పిల్లాడు మర్నాడూ వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. కానీ నెట్ దగ్గరికి వెళ్లడం మానేశాడు. వెనకే నిలబడి షటిల్‌ని పైకి లేపే లిఫ్టులు కొట్టేవాడు. ఆర్నెల్లకి రావడమే మానేశాడు.

అకాడమీ మార్చాలా అని అడిగావు కదా. గోడ మీద కప్పుల ఫొటోలు చూడకు. చెప్పకుండా వెళ్లి ఓ గంట కూర్చో. కూర్చోనివ్వకపోతే అప్పుడే వెనక్కి వచ్చెయ్. మొదటి కోర్టులో ర్యాంకు పిల్లలుంటారు, ఆఖరి కోర్టులో ఫీజు పిల్లలుంటారు. ఆ ఆఖరి కోర్టు చూడు. అక్కడ ఎవరైనా నిలబడి ఫీడింగ్ ఇస్తున్నారా, అంటే పిల్లలు కొట్టడానికి వరసగా షటిళ్లు వేస్తున్నారా, ఈకలూడిన షటిళ్లు పడేసి పోయారా? షాట్ తప్పాక పిల్లలు షటిల్ పడ్డ చోటు చూస్తున్నారా, కోచ్ మొహం చూస్తున్నారా? కోచ్ మొహమే చూస్తుంటే అక్కడ వద్దు.

చిన్నిని ఓడించిన పిల్లకి పదమూడేళ్లుంటాయన్నావు. ఉండొచ్చు. సర్టిఫికెట్లో పుట్టినరోజు దిద్దించడం మన దగ్గర కొత్తేం కాదు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగట్టే పరీక్షలు ఊరికే రాలేదు. "మనమూ ఏడాది తగ్గిద్దాం" అన్నాట్ట అల్లుడు. ఆ మాట ఇంకోసారి రానివ్వకు. దొరికితే వేటు పడేది పిల్ల మీద. దొరక్కపోతే, కప్పు పట్టుకుని ఫొటో దిగిన ప్రతిసారీ దానికి అసలు వయసు గుర్తొస్తుంది.

అల్లుడు మాటకొస్తే పి.వి. సింధు పేరెత్తుతాట్టగా, పూర్తిగానే చెప్పు మరి. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ వాళ్లు. నాన్న రమణగారు 1986 సియోల్ ఏషియాడ్‌లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆడారు. కూతురు పట్టింది మాత్రం రాకెట్టే. ఆ పిల్ల 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 110 నిమిషాలాడి జపాన్ అమ్మాయి ఒకుహరా చేతిలో ఓడింది, 2018 ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓడింది. 2019 ఫైనల్లో మళ్లీ ఒకుహరాయే ఎదురైతే 21-7, 21-7తో గెలిచింది. రెండుసార్లు ఓడాక కూడా మూడోసారి ఆడాలనిపించాలి కదమ్మా! మీరు కాపాడాల్సింది ఆ ఇష్టాన్నే.

కారులో వస్తూ మ్యాచ్ వీడియో పెట్టి తప్పులు లెక్కపెట్టడం ముందు మాన్పించు. దారిలో ఆట ఊసు వద్దు. ఇడ్లీనా, దోశా అని అడగండి. చిన్నే ఆ మాట ఎత్తితే వినండి, మధ్యలో దూరకండి.

ఈ మూడు నెలలూ టోర్నమెంట్లకి ఎంట్రీలు కట్టొద్దు. రాకెట్టు దాచకు, అలాగని కళ్లెదుటా పెట్టకు. సాయంత్రాలు అపార్ట్‌మెంటు కింద పిల్లలతో ఆడితే ఆడుతుంది, లేకపోతే సైకిలు తొక్కుకుంటుంది. పైనుంచి మీరు చూడకండి.

దసరాకి వస్తున్నా. పసుపు రంగు నైలాన్ షటిళ్ల డబ్బా తెస్తాను. తాతయ్యకి మోకాళ్లు వంగవు, నెట్ దగ్గరే పడేలా డ్రాపులు వేస్తే అందుకోలేడని దాని చెవిన వెయ్యి.

మీ మావయ్య