పార్టీ టికెట్ లేకుండా ఎమ్మెల్యేగా నిలబడితే: మా చిన్నాయన పోటీలో నేను చూసింది

మీ మామయ్య రెండుసార్లు సర్పంచ్‌గా చేశారని, పార్టీ టికెట్ మీద ఆశ లేదని, 2028లో స్వతంత్రంగా నిలబడితే ఖర్చెంత, ఇంట్లోవాళ్లు ఏం చూసుకోవాలని అడిగారు. 2023లో మా చిన్నాయన వరంగల్ పక్కనున్న ఒక నియోజకవర్గంలో ఇట్లాగే నిలబడ్డారు. ఎలక్షన్ ఏజెంట్‌ని నేనే. డబ్బు సంగతి తర్వాత. ముందు మామయ్యను ఒక్క లెక్క అడగండి: పోలింగ్ నాడు పొద్దున ఐదున్నర నుంచి సాయంత్రం దాకా లేవకుండా కూర్చునే మన మనిషి ఎన్ని బూతుల్లో ఉన్నాడు?

స్వతంత్రులు గెలవరని నేను అనను. 2014లో నర్సంపేటలో కాంగ్రెస్ టికెట్ చేజారిన దొంతి మాధవరెడ్డి స్వతంత్రంగానే గెలిచారు. 2018లో రామగుండంలో కోరుకంటి చందర్ టీఆర్ఎస్ టికెట్ రాక ఫార్వర్డ్ బ్లాక్ అనే చిన్న పార్టీ సింహం గుర్తు మీద గెలిచారు. వాళ్ల చేతిలో లేనిది పెద్ద పార్టీ గుర్తు ఒక్కటే, ఊరూరా మనుషులు అప్పటికే ఉన్నారు. గెలుపు కాదు, సమస్య నలుగురి నోట్లో పడాలనుకుంటే అది వేరే లెక్క. 2019 ఎంపీ ఎన్నికల్లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసింది అందుకే. మామయ్యది ఏ లెక్కో ముందే తేల్చుకోండి.

నామినేషన్ పని చూడ్డానికి చిన్నదే. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రునికి పదిమంది కావాలి. పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. మేం దెబ్బతిన్నది అక్కడే. సంతకం పెట్టిన ఒకాయన పిల్లల చదువుల కోసం హనుమకొండలో ఇల్లు తీసుకుని ఓటు కూడా అక్కడికే మార్పించుకున్నాడట. ఆ మాట ఆయనకే గుర్తులేదు. వేరే సంతకాలతో ఇంకో సెట్ నామినేషన్ పత్రాలు వేసి ఉన్నాం కాబట్టి బతికిపోయాం. నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కసారే: 10,000, ఎస్సీ ఎస్టీలకు 5,000. చెక్కు తీసుకోరు. ప్రతి సంతకం పక్కన పార్ట్ నంబర్, సీరియల్ నంబర్ కొత్త ఓటరు జాబితా పెట్టుకుని మీరే సరిచూడండి.

నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో (ఆస్తులు, కేసుల వివరాల ప్రమాణపత్రం) ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు. ఏమీ లేకపోతే 'లేదు' అని రాయాలి. భార్య ఆస్తులు కూడా చూపించాలి, అదంతా ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవొచ్చు. ఇక్కడ మా చిన్నమ్మ అడ్డం తిరిగింది. "నా మెడల ఎన్ని తులాలున్నయో ఊరంత చదవాల్నా?" అని ఒక పూటంతా మాట్లాడలేదు. చిన్నాయన బతిమాలంగా బతిమాలంగా, ఆఖరికి బీరువా తాళం నా ముందు పడేసి "తూకం ఏసుకో పో" అంది.

మాకు గుర్తు చేతికొచ్చింది ఉపసంహరణ గడువు ముగిసిన నవంబర్ 15న. 28 సాయంత్రం ఐదింటికి మైకులు బంద్. అంటే కుట్టు మిషన్ గుర్తును జనానికి ఎక్కించడానికి మాకు దొరికింది పదమూడు రోజులు. అవి పత్తి ఏరే రోజులు, వడ్లు కొనుగోలు సెంటర్లకు తోలే రోజులు. ఊళ్లోకి పోతే ముసలోళ్లే కనిపించేవాళ్లు. డీజే బండి మానేసి వడ్ల కుప్పల దగ్గరికి, చేన్ల గట్ల మీదికి పోవడం మొదలుపెట్టాం. మా ప్రచారంలో పనికొచ్చిన తెలివి అదొక్కటే. యంత్రం మీద గుర్తింపు ఉన్న పార్టీల పేర్లు ముందుంటాయి, స్వతంత్రులవి చివర్లో. అందుకే గుర్తుతో పాటు వరుస నంబర్ కూడా చెప్పండి.

ఇక బూతులు. మా దగ్గర రెండు వందల పైచిలుకు. 'నేనుంటా అన్నా' అని మాటిచ్చినవాళ్లు నూట ముప్పై మంది. రాత్రంతా ఏజెంట్ ఫారాల మీద సంతకాలే. పోలింగ్ ఏడింటికైనా, మాక్ పోల్‌కు (యంత్రం సరిగ్గా పనిచేస్తుందో చూసే ఉత్తుత్తి పోలింగ్) ఐదున్నరకే రావాలి. ఐదుంబావు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకడి ఫోన్ స్విచ్ఛాఫ్. ఇంకొకడు "అన్నా, వాళ్లు తెల్లారకముందే ఇంటికొచ్చిన్రు, కాదనలేకపోయిన" అన్నాడు. ఆ 'వాళ్లు' మధ్యాహ్నం బిర్యానీ కూడా పంపుతారు, మా దగ్గర పులిహోర పొట్లాలు. చివరికి యాభైకి తక్కువ బూతుల్లోనే మావాళ్లు కూర్చున్నారు. ఏనుమాముల మార్కెట్‌లో కౌంటింగ్ నాడు చూస్తే, మనిషి కూర్చున్న బూతుల్లోనే మాకు చెప్పుకోదగ్గ ఓట్లు. మిగతా చోట్ల ఒకటి, రెండు, సున్నా. ఏజెంట్ కూర్చున్నందుకు ఓట్లు పడ్డాయని కాదు. ఆ ఊళ్లో మనకోసం నలుగురికి చెడ్డయ్యే మనిషి ఒకడున్నాడని దానర్థం. అదే బూతు ఓటరు దొరక్కపోతే నియోజకవర్గంలోని వేరే ఓటరునైనా కూర్చోబెట్టొచ్చు గానీ, ఊరు తెలియనివాడు దొంగ ఓటును ఏం గుర్తుపడతాడు?

డిపాజిట్ పోయింది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. లక్షా 80 వేలు పోలైతే 30 వేలు దాటితేనే ఆ పదివేలు వెనక్కి వస్తాయి.

ఖర్చుకు పరిమితి 40 లక్షలు. మేం ఆ దరిదాపుల్లోకి కూడా పోలేదు, అయినా లెక్క రాయడం తప్పలేదు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. రిజిస్టర్‌లో తెల్ల పేజీలు రోజువారీ లెక్కకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకుకు. టీ, సమోసా, కుర్చీల కిరాయి దాకా ఎన్నికల అధికారులు తమ రేట్ల పట్టీ ప్రకారమే లెక్కగడతారు. ఓడిపోయాం కదా అని వదిలేయొద్దు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత వేయొచ్చు.

మేం ఇరవై ఆరో రోజున ఇచ్చొచ్చాం. ఇంటికి రాగానే చిన్నమ్మ అడిగిన మొదటి మాట: "అయితే ఇగ నా బంగారం లెక్క ఆ ఇంటర్నెట్ల నుంచి తీసేస్తరా?"