వీలునామాలోని పేరు, విచారణ పుస్తకంలోని పేరు

ప్రశ్న: మా తాతగారి తండ్రి రాసిన వీలునామా నకలు ఇంట్లో దొరికింది. అందులో ఆయన పేరు రాయప్ప అనీ, తేదీ ఉండవలసిన చోట ‘శ్రీముఖ నామ సంవత్సర మాఘ మాసం’ అనీ ఉంది. ఆయన ఫిరంగిపురం విచారణలో (అంటే అక్కడి కతోలిక చర్చి పరిధిలో) జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందారని పెద్దలు చెబుతారు. అక్కడి పుస్తకంలో మాత్రం ఆ పేరు కనిపించలేదు. అంతకు ముందు తరాల వివరాలు తెలుసుకునేది ఎలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా సంవత్సరం తేల్చుకోండి. శ్రీముఖ అరవై ఏళ్లకొకసారి వస్తుంది కనుక, ఆ మాఘం 1874 మొదట్లోనిదైనా కావాలి, 1934 మొదట్లోనిదైనా కావాలి. గుంటూరు ప్రాంతం 1859 నుంచి 1904 వరకు కృష్ణా జిల్లాలో కలిసి ఉండేది. కాబట్టి వీలునామాలో ‘గుంటూరు జిల్లా’ అని ఉంటే అది 1934 నాటిదే. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) అంకె ఉంటే దానికి 590 కలిపి చూడండి. 1343 ఫసలీ అంటే 1933 జూలై నుంచి 1934 జూన్ వరకు.

ఇక పేరు సంగతి. మన కతోలికుల ఇళ్లలో పేతురు గారిని రాయప్ప అనీ, పౌలు గారిని చిన్నప్ప అనీ, ఇగ్నాసి గారిని ఇన్నయ్య అనీ, శవేరి గారిని శౌరయ్య అనీ పిలుచుకోవడం వాడుక. గురువులు (చర్చి ఫాదర్లు) పాత పుస్తకాలను లాటిన్‌లో నింపేవారు కాబట్టి, మీరు వెతకవలసింది ‘పేత్రుస్’ అనే పేరు. వీలునామా మొదట్లో రాసిన వయస్సును బట్టి పుట్టిన ఏడు లెక్కగట్టి, దానికి అటూ ఇటూ ఐదేళ్లు చూడమని విచారణ గురువులను అడగండి. ఆ రోజుల్లో వయస్సులు ఉజ్జాయింపుగానే రాసేవారు. జ్ఞానస్నానం నమోదులో తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానమప్పుడు బిడ్డ తరఫున నిలిచేవారి) పేర్లు కూడా ఉంటాయి. జ్ఞాన తల్లిదండ్రులు తరచు దగ్గరి బంధువులే అయి ఉంటారు కనుక, ఆ పేర్లను విడిచిపెట్టకండి. పక్క మార్జినులో పెండ్లి వివరం రాసి ఉంటే, దానిని పట్టుకుని భార్య పుట్టింటి విచారణకు వెళ్లవచ్చు.

వీలునామాలో అందరూ పైపైన చదివి వదిలేసే భాగం చెక్కుబందీ, అంటే పొలానికి నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి గనుక, ‘తూర్పు: ఇన్నయ్య పొలం’ అన్న ఒక్క మాటతో పాలివాడి (దాయాది) పేరు దొరకవచ్చు. ఆ పేరును కూడా జ్ఞానస్నానం పుస్తకంలో చూసి, తల్లిదండ్రులు ఒకరే అయితే మరో శాఖ మీ చేతికి వచ్చినట్టే. పసుపుకుంకుమల కింద భూమి పొందిన ఆడపడుచులు వీలునామాలో కనిపిస్తారు, ఏమీ పొందనివారు, పసితనంలోనే పోయిన బిడ్డలు కనిపించరు. వారి జాడ విచారణ పుస్తకాలలోనే దొరుకుతుంది కాబట్టి, వీలునామాలో ఉన్నవారే కుటుంబమంతా అనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

గుంటూరు మేత్రాసనం (బిషప్ గారి పాలనలో ఉండే విచారణల సముదాయం) 1940లో ఏర్పడింది. అంతకుముందు ఈ విచారణలు నెల్లూరు మేత్రాసనం కింద, 1928కి ముందు మద్రాసు కింద ఉండేవి. పాత ఉత్తరప్రత్యుత్తరాల కోసం అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా ముత్తాత వీలునామా రాశారని విన్నాం, కాగితం లేదు. నకలు ఇస్తారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రిజిస్టరు అయి ఉంటే ఇస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాలను రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని మూడవ పుస్తకంలో నమోదు చేస్తారు. రాసినవారు మరణించిన తరువాత ఎవరు దరఖాస్తు చేసినా నకలు పొందవచ్చు. ముత్తాతగారి పేరు, వారి తండ్రి పేరు, గ్రామం, సుమారు సంవత్సరం రాసి, మరణానికి రుజువు జతచేయండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కరలేదు కనుక, అసలు నమోదే కాకపోయి ఉండవచ్చు. అప్పుడు ఆయన వారసులు తరువాత రాసుకున్న పంపకాల దస్తావేజులు, అమ్మకం దస్తావేజులు వెతకండి. ఆస్తి తమకు ఎలా సంక్రమించిందో చెప్పే చోట ఆ వీలునామా ప్రస్తావన, తేదీతో సహా, తరచు ఉంటుంది.