అమ్మానాన్నల్ని ఇంగ్లండ్ పల్లెటూరి పబ్‌కి భోజనానికి తీసుకెళ్లొచ్చా?

నాన్నగారు మందు ముట్టరు, అమ్మగారు శాకాహారి, అయినా తీసుకెళ్లొచ్చా అని అడిగారు. నిక్షేపంగా తీసుకెళ్లండి. పబ్ అనగానే మనవాళ్లకి జూబ్లీహిల్స్‌లో చెవులు చిల్లులు పడే డీజే గుర్తొస్తుంది. ఇక్కడి పల్లెల్లో పబ్‌కి ముసలివాళ్లూ చంటిపిల్లలూ కలిసే వస్తారు, బల్ల కింద కుక్క పడుకుని ఉంటుంది, చాలాచోట్ల పాట కూడా వినపడదు.

మా అత్తమామలది అమలాపురం. వాళ్లని కాట్స్‌వోల్డ్స్ అనే ఇక్కడి పల్లెసీమలో ఒక పాత పబ్‌కి ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లాం. దూలాలు తలకి తగిలేంత కిందికి ఉన్నాయి. కూర్చుని చాలాసేపైనా ఎవరూ పలకరించకపోయేసరికి మామగారికి చిర్రెత్తింది. "ఏంటండీ అల్లుడుగారూ, మనల్ని చూసి కూడా చూడనట్టున్నారు?" ఇలాంటి పబ్‌లలో ఎక్కువగా మనమే కౌంటర్ దగ్గరికెళ్లి, టేబుల్ నంబరు చెప్పి, ఆర్డరిచ్చి డబ్బు కట్టాలి. సరే రండని వెంట తీసుకెళ్లాను.

అక్కడ క్యూ లేదు. కౌంటర్ పొడుగునా జనం ఎవరికి తోచినట్టు నిలబడ్డారు. మామగారు ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, సంక్రాంతి బస్సుల దగ్గర తోపులాట జీవితమంతా చూసిన మనిషి. ఇక మన వంతు వచ్చినట్టే అన్నట్టు నావైపు చూశారు. ఇంతలో బార్‌లో కుర్రాడు పక్కనున్న పొడుగాటి పెద్దాయనవైపు తిరిగితే, ఆయన తల అడ్డంగా ఊపి మామగారిని చూపించాడు, ముందొచ్చింది వీరేనని. మామగారు ఇప్పటికీ ఊళ్లో ఈ ముచ్చటే చెబుతారు, లండన్ వంతెన ఊసే ఎత్తరు.

అత్తగారికి నట్ రోస్ట్ వచ్చింది. గింజలూ బ్రెడ్డు పొడీ కలిపి కాల్చిన ముక్క, చప్పిడి పథ్యం. పక్కన చిన్న గిన్నెలో పసుపుపచ్చటి ముద్ద ఉంటే వేలితో కాస్త నాలిక్కి రాసుకున్నారు. మరుక్షణం ముక్కు పట్టుకుని, కళ్లల్లో నీళ్లతో, "అమ్మాయ్, ఇది ఆవేనే!" అన్నారు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టే చెయ్యి కదా, ఉడికించిన క్యాబేజీలో ఆ ముద్ద కలుపుకుని ప్లేటు ఖాళీ చేశారు. ఇంగ్లీషువాళ్లకి ఘాటు తెలియదనేవాళ్లకి 1814లో నారిచ్ దగ్గర మొదలైన కోల్‌మన్స్ ఆవ ఒక చెంచాడు తినిపించాలి.

ఈ దేశంలో మన తెలుగువాళ్లతో నాకు పేచీ ఇదే. చుట్టాలు రాగానే లండన్‌లోని ఈస్ట్‌హామ్ దోసె దగ్గరికి తోలుకెళ్తారు. దోసె తినడానికి అమలాపురం నుంచి విమానం ఎక్కాలా?

అమ్మగారి విషయంలో మాత్రం జాగ్రత్త. గుడ్డు, పాలు, ఆవాలతో సహా 14 అలర్జీ పదార్థాల సంగతి వాళ్లు చెప్పి తీరాలని చట్టం ఉంది, కానీ బీఫ్ కొవ్వు ఆ జాబితాలో లేదు. యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటే తీపి కాదు, రోస్ట్ పక్కన పెట్టే పిండివంట; అందులో గుడ్డు ఎలాగూ ఉంటుంది, పాతపద్ధతిలో అయితే ఆ కొవ్వులోనే కాలుస్తారు. గ్రేవీ మాంసం రసంతో చేసింది కావచ్చు, చిప్స్ దేనిలో వేయించారో కూడా అడగండి. అడిగితే ఎవరూ విసుక్కోరు.

ఆదివారానికి టేబుల్ ముందే బుక్ చేయండి. చాలాచోట్ల సాయంత్రానికల్లా వంటగది కట్టేస్తారు. ఎనిమిదింటికి తీరిగ్గా వెళ్తే క్రిస్ప్స్ (మన ఆలూ చిప్స్) పొట్లమే గతి, అదేం మర్యాదో నాకిప్పటికీ మింగుడుపడదు.